వేసవిలో తక్కువ ఖర్చుతో ఇంటి భోజనం: శ్రీకాకుళం, విజయనగరం వంటిళ్ళ నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఏప్రిల్ మొదలు జూన్‌లో వానలు పడేదాకా మన రెండు జిల్లాల్లో ఇంటి వంట గురించి ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాను. లెక్కలన్నీ నలుగురున్న ఇంటికి వేసినవి. రేట్లు కావాలనే రాయలేదు, అవి వారం వారం మారిపోతాయి.

ఎండాకాలం తిండి తక్కువే తింటాం కదా, సరుకుల ఖర్చు ఎందుకు పెరుగుతోంది?

ఖర్చు కంచంలో పెరగడం లేదు. కంచానికీ కంచానికీ మధ్య పెరుగుతోంది. కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు, పిల్లల ప్యాకెట్లు, వండబుద్ధి కాక తెప్పించే టిఫిన్లు, వేడికి పాడై పారబోసే కూరలు. ఒక వారం పాటు ఖర్చును రెండు కాలమ్‌లుగా రాసి చూడండి: భోజనానికి అయినది, భోజనం కానిదానికి అయినది. చాలా ఇళ్ళలో రెండో కాలమ్ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొదుపు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పప్పులోనో పెరుగులోనో కోత పెట్టి కూల్‌డ్రింకు కొనే ఇంటిని పొదుపరి ఇల్లు అని నేననను.

రోజుకి ఒక్కసారి వండితే సరిపోతుందా?

కూర, పప్పు ఒక్కసారి చాలు. అన్నం మాత్రం రెండుసార్లు వండాలి. పొద్దున ఎనిమిదిలోపు స్టవ్ కట్టేసేలా చూసుకోండి. ఆ పూటే మామిడికాయ పప్పో, పులుసో చేసేస్తే పులుపు ఉంటుంది కనుక మధ్యాహ్నానికి బాగుంటుంది. రాత్రికి మళ్ళీ బాగా మరిగించి వాడుకోవచ్చు. కొబ్బరి వేసిన కూరలు, పాలు పోసిన కూరలు, వట్టి వేపుడు కాని దుంపకూరలు రాత్రిదాకా ఉంచొద్దు. పొద్దున వండిన అన్నం ఆ వేడిలో రాత్రిదాకా నిలబడదు. రాత్రికి కొద్దిగా వండుకుని, మిగిలింది నీళ్ళలో వేస్తే మర్నాటి పొద్దుటి టిఫిన్ అక్కడే తయారు.

చద్దన్నం ఎలా వేస్తే పాడవకుండా ఉంటుంది?

రాత్రి భోజనాలు అయిన వెంటనే వేసేయాలి. అన్నాన్ని గిన్నెలో అలాగే వదిలేసి, పడుకునే ముందు ఎప్పుడో గుర్తొచ్చి నీళ్ళు పోయడం మంచిది కాదు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా (బాసిల్లస్ సీరియస్) ఉడికించినా పూర్తిగా చావదు. గది వేడిలో గంటల తరబడి ఉంచితే పెరిగి విషం తయారుచేస్తుంది. తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే పద్ధతి ఇది: అన్నాన్ని పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చాలి, శుభ్రమైన గిన్నెలోకి తీసి మునిగేలా మంచినీళ్ళు పోయాలి, ఒక గరిటె పుల్ల మజ్జిగ కలపాలి. మజ్జిగ కలిపితే పులుపు త్వరగా ఎక్కి చెడు క్రిములు పెరగడం తగ్గుతుంది. మట్టిపాత్ర అయితే ఇంకా చల్లగా ఉంటుంది, కానీ రోజూ కడిగి ఎండలో పెట్టే ఓపిక ఉంటేనే మట్టిపాత్ర జోలికి వెళ్ళండి.

పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నం దాకా దాచకండి. తీగలు సాగినా, రంగు మచ్చలు కనిపించినా, పులుపు కాకుండా వేరే వాసన వచ్చినా పారబోయండి. కొంచెమే కదా అని రుచి చూడొద్దు. చంటిపిల్లలకీ, గర్భిణులకీ, వాంతులు విరేచనాలతో ఉన్నవాళ్ళకీ పెట్టకండి.

నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన చల్లమిరపకాయ, ఆవకాయ ముక్క. పక్కన గుడ్డో గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళో ఉంటే అది పూర్తి టిఫిన్ అవుతుంది.

మా అత్తగారు చద్దన్నం ఇష్టంగా తింటారు, పిల్లలు ముట్టరు. ఏం చేయాలి?

తోడన్నం పెట్టండి. రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు మునిగేలా పోసి, చెంచా పెరుగుతో తోడు పెట్టి, మూత వేసి ఉంచితే తెల్లారేసరికి అన్నమంతా పెరుగులో తోడుకుని ఉంటుంది. అందులో మామిడిపండు ముక్కలు వేస్తే అడిగి మరీ తింటారు. అయినా తినకపోతే బలవంతం వద్దు, అటుకులు ఉన్నాయి. కడిగిన అటుకుల్లో పెరుగు, ఉప్పు, కొంచెం బెల్లం కలపండి. స్టవ్ వెలిగించక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో నీళ్ళన్నాన్ని పఖాళ అని గొప్పగా వడ్డిస్తారు. మన పిల్లలకి మాత్రం అది పేదతిండి అని ఎవరు నేర్పారో!

తరవాణి పెట్టాలని ఉంది, కానీ కుక్కర్‌లో వండితే గంజి రాదు కదా?

రాదు. వారానికి రెండు మూడు రోజులు గంజి వార్చి వండితే తరవాణి కుండకి సరిపోతుంది. గంజి, నీళ్ళు, గుప్పెడు అన్నం, కొంచెం ఉప్పు, రెండు దబ్బాకులు లేదా నిమ్మాకులు కుండలో వేస్తే రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. తేట తీసుకుని తాగొచ్చు, అందులో అన్నం వేసి తినొచ్చు. తీసినంత మళ్ళీ పోస్తూ ఉండాలి. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఇద్దరే ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకి పోయేవాళ్ళైతే తరవాణి పెట్టకండి. రోజూ చూడని కుండ పాడవుతుంది. మజ్జిగ చాలు మీకు.

చోడంబలి అంటే చోడిపిండి (రాగిపిండి) నీళ్ళలో కలిపి మరిగించడమేనా? మాకు జావలాగా వస్తోంది, రుచి రావడం లేదు.

పులియబెట్టకపోతే, నూక వేయకపోతే అది జావే. ముందురోజు సాయంత్రం చోడిపిండి నాలుగైదు పెద్ద చెంచాలు ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. తెల్లారేసరికి కాస్త పుల్లటి వాసన వస్తుంది. లీటరు నీళ్ళు మరిగించి, గుప్పెడు బియ్యపు నూక వేసి మెత్తగా ఉడకనివ్వాలి. అప్పుడు పులిసిన పిండి పోస్తూ గరిటె ఆపకుండా కలపాలి. సన్నటి సెగ మీద పది నిమిషాలు పడుతుంది. పచ్చివాసన పోయి, రంగు ముదిరి, గరిటెకి పట్టినట్టు ఉంటే దించేయండి. పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలపాలి. వేడిగా ఉండగా మజ్జిగ పోస్తే విరిగినట్టవుతుంది.

గంట్లు (సజ్జలు) దొరికితే అదే పద్ధతిలో గంటంబలి చేయొచ్చు. చోళ్ళలో వంద గ్రాములకి సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు ఎక్కువ కొనలేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ప్యాకెట్ పిండి కన్నా గింజలు కొని, కడిగి ఎండబెట్టి, మర పట్టించుకుంటే చవక, వాసన కూడా బాగుంటుంది. ‘అంబలి మిక్స్’ అని అమ్మే డబ్బాల అవసరం నాకైతే కనిపించలేదు.

షుగర్ ఉన్నవాళ్ళు అంబలి ఎంతైనా తాగొచ్చా?

ఎంతైనా కాదు. చోడైనా అది పిండిపదార్థమే, పైగా పల్చగా మరిగించినది త్వరగా అరుగుతుంది. ఒక గ్లాసు తాగితే ఆ మేరకు అన్నం తగ్గించాలి. బెల్లం వేయొద్దు.

మాది ఉద్దానం. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారు. ఇవన్నీ పెట్టొచ్చా?

ఈ పేజీలో ఉన్నవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కోసం. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఊరగాయ, ఎండుచేప, చల్లమిరపకాయల్లోని ఉప్పు మంచిది కాదు. కొబ్బరినీళ్ళు, మామిడిపండు, ఆకుకూరల్లో పొటాషియం ఉంటుంది. పప్పు ఎంత తినాలి, రోజుకి నీళ్ళు ఎన్ని తాగాలి అన్నది కూడా జబ్బు ఏ దశలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. కవిటి, సోంపేట, మందస వైపు ఇంటింటా కొబ్బరి ఉంటుంది కనుక ‘ఎండకి మంచిది’ అని రోగికి కొబ్బరినీళ్ళు ఇస్తుంటారు. చూస్తున్న డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి. మిగతా ఇంటిల్లిపాదికీ వండిన పప్పులోంచి ఉప్పు వేయకముందే వాళ్ళ గిన్నె వేరుగా తీయడం తేలికైన పద్ధతి.

ఈ కాలంలో ఏ కూరగాయలు కొంటే డబ్బుకి తగ్గ విలువ వస్తుంది?

ఆనపకాయ, దోసకాయ, బీరకాయ, గుమ్మడికాయ, బెండ, దొండ, మునక్కాడ, తోటకూర, బచ్చలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బీన్స్ చలికాలానికి వదిలేయండి. టమాటా మే దాటాక ఎప్పుడు ఎగబాకుతుందో తెలియదు. పచ్చి మామిడి, చింతచిగురు ఉన్నంతకాలం టమాటా కోసం టెన్షన్ పడక్కర్లేదు.

వీటిలో నా ఓటు ఆనపకాయకి. ఒక మోస్తరు కాయని రెండు రోజులు వాడొచ్చు. తొక్క పారేయకుండా నువ్వులు, ఎండుమిర్చి, చింతపండుతో వేయించి రుబ్బితే ఆ పూట పచ్చడి. సగం కాయ ముక్కలు చేసి మజ్జిగ పులుసు. మిగతా సగం పెసరపప్పు వేసి పొడికూర, లేదా మన వైపు చేసినట్టు చింతపండు, బెల్లం పెట్టి పులుసు. కాయ ముదిరిందా అని గోరు గుచ్చి చూడండి. గోరు దిగకపోతే బేరమాడటం కూడా దండగ.

విజయనగరంలో దాసన్నపేట రైతుబజారుకి వెళ్ళేవాళ్ళు ముందు బోర్డు మీద రేట్లు చూసుకుని లోపలికి వెళ్ళండి. రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ ఉన్న ఏర్పాటు అది, ఎక్కువమంది చూడకుండానే కొనేస్తారు. పొద్దున్నే వెళ్తే తాజా సరుకు, మూసే ముందు వెళ్తే చవక సరుకు. ఆకుకూర మాత్రం సాయంత్రం కొనొద్దు, ఎండకి వడలి సగం పారేయాల్సి వస్తుంది. రామభద్రపురం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అక్కడి కూరగాయల మార్కెట్ ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి బుట్ట లెక్కన కొని పంచుకుంటే లాభం.

గాలివానకి రాలిన మామిడికాయలు చవగ్గా వస్తున్నాయి. ఏం చేసుకోవాలి?

దెబ్బ తగిలిన కాయ ఊరగాయకి పనికిరాదు, పప్పుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మిగిలినవి చెక్కుతీసి, పల్చని ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి నాలుగైదు రోజులు గట్టి ఎండలో పెట్టండి. ముక్క విరిచితే పెళుసుగా విరగాలి. ఆ ఒరుగులు సీసాలో పెట్టుకుంటే ఆషాఢ, శ్రావణాల్లో పప్పులోకి, చేపల పులుసులోకి చింతపండు బదులు వాడొచ్చు. మన ప్రాంతపు సువర్ణరేఖ పండుగా తినడానికే బాగుంటుంది, దాన్ని పచ్చిగా కోసి పాడుచేయకండి.

కూర వండకుండా అయ్యే భోజనం ఏదైనా ఉందా?

పెసర పచ్చడి. వంద గ్రాముల పెసరపప్పు గంట నానబెట్టి, మూడు పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, చిన్న మామిడి ముక్క వేసి బరకగా రుబ్బాలి. పైన ఇంగువ పోపు పెడితే ఇంకా బాగుంటుంది, పెట్టకపోయినా ఏం కాదు. నలుగురికి సరిపోతుంది, పప్పు తిన్న బలమూ ఉంటుంది. దానితో మజ్జిగ చారు, రెండు వడియాలు. దోసకాయ పచ్చి పచ్చడి, మామిడి కోరు పచ్చడి కూడా ఇలాంటివే, కానీ వాటిలో పప్పు ఉండదు. వాటితో తినేరోజు గుడ్డో, కాస్త ఎక్కువ పెరుగో ఉండేలా చూడండి. రోజూ అన్నం, ఊరగాయ, పల్చటి మజ్జిగతో సరిపెట్టుకునే ఇల్లు డబ్బు మిగిల్చినట్టే కనిపిస్తుంది. ఆ కోత ఎక్కువగా పడేది చివర్లో తినే ఆడవాళ్ళ కంచంలో. పప్పు, గుడ్డు ముందే మనిషికింత అని తీసి పెట్టండి.

మే నెలలో చేపల రేట్లు మండిపోతున్నాయి. ఎందుకు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. భావనపాడు, కళింగపట్నం నుంచి భోగాపురం, పూసపాటిరేగ తీరం దాకా పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలు చెరువు చేపలు కొనండి, లేదా ఎండుచేపలు.

ఎండు నెత్తళ్ళు నిషేధానికి ముందే కొని పెట్టుకోవడం తెలివి. వేళ్ళతో విరిస్తే విరగాలి, మెత్తగా వంగితే సరిగా ఎండలేదని అర్థం. తలలు తీసి, వట్టి మూకుడులో దోరగా వేయించి, గోరువెచ్చని నీళ్ళలో రెండుసార్లు కడిగితే ఇసుకా, ఎక్కువ ఉప్పూ పోతాయి. మామిడికాయతోనో, చింతచిగురుతోనో, వంకాయతోనో వండితే గుప్పెడు నెత్తళ్ళే ఇంటిల్లిపాదికీ కూర. విడిగా ఉప్పు వేసేముందు రుచి చూడండి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు పక్కింటివాళ్ళకి కూడా ఒక గిన్నె ఇస్తే వాసన గొడవ ఉండదు!

సెలవుల్లో పిల్లలు గంటకోసారి ఆకలంటారు. ప్యాకెట్లు కొనకుండా ఎలా?

మురీలు (మరమరాలు) కొని డబ్బాలో పోసి ఉంచండి. ఉల్లిపాయ, మామిడి తురుము, వేరుశనగ గుళ్ళు, చుక్క నూనె, కారం కలిపితే రెండు నిమిషాల పని. నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి ఉండలు వారానికోసారి చేసిపెట్టుకోవచ్చు. మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు. ఈ కాలంలోనే దొరికే ముంజెలు, ఈతపళ్ళు, పలాస వైపైతే జీడిమామిడి పళ్ళు. జీడిపండు తింటే గొంతు పట్టేస్తుందని అంటారు, ముక్కలకి కాస్త ఉప్పు రాసి ఉంచితే ఆ వగరు తగ్గుతుంది. పచ్చి జీడిగింజని మాత్రం పిల్లల చేతికివ్వకండి, తొక్కలోని జీడి చర్మాన్ని కాల్చేస్తుంది.

వారానికి ఒక రోజు ఐస్‌క్రీం కొనండి, ఆ రోజు ముందే చెప్పేయండి. పూర్తిగా వద్దంటే ఆ పొదుపు మే మొదటి వారం దాటదు.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుస్తున్నాయంటున్నారు, నిజమేనా?

కాదు. వేరే రంగులో కనిపించేవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలు. వంద గింజలకి ఒకటి చొప్పున కలిపినవి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి, ఏరి పారేయకండి. గంజి వార్చితే పోషకాలు కొంత అందులోకి పోతాయి, కనుక గంజిని తరవాణికో, అంబలికో వాడండి. మనిషికి నెలకి 5 కిలోలు వచ్చే ఆ బియ్యాన్ని అమ్మేసి, దానికి మూడింతలు పెట్టి సన్నబియ్యం కొనడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. అన్నానికి నచ్చకపోతే నూక పట్టించండి, ఇడ్లీకి, దోసెకి వాడండి.

ఏడాది సరుకు ఎండాకాలంలోనే కొనాలా?

డబ్బు చేతిలో ఉంటే కొన్ని కొనాలి. అప్పు చేసి కొనొద్దు. కొత్త చింతపండు ఈ కాలంలోనే వస్తుంది. నెలకి అరకిలో లెక్కేసుకుని, పిక్కా పీచూ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలో పెట్టండి. ఏజెన్సీ చింతపండు జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణాల్లో దొరుకుతుంది. వరి కోశాక ఆ మళ్ళలోనే వేసే మినుములు, పెసలు ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తాయి. తెలిసిన రైతు దగ్గర గింజలు కొని మరలో పప్పు పట్టించుకుంటే బాగుంటుంది. ఎండకి బాగా ఆరబెట్టి, వేపాకు వేసి దాచాలి. కందిపప్పు ఎక్కువ కొనకండి, పురుగు పడితే పెట్టిన డబ్బంతా పోతుంది.

ఇంట్లో ఆవకాయ పెడితే నిజంగా పొదుపేనా?

పాతిక కాయలు పెట్టి, పదిహేను కాయల ఊరగాయ చుట్టాలకి పంచే ఇంటికి అది పొదుపు కాదు, సరదా. సరదాగా పెట్టుకోండి, తప్పేం లేదు. పొదుపు కోసమైతే నలుగురికి ఆరేడు కాయలు చాలు. మామిడి అమ్మేవాళ్ళ దగ్గరే ముక్కలు కొట్టించుకోండి. ఖర్చంతా నూనెలో, ఆవపిండిలో ఉంటుంది.

గ్యాస్ ఎలా మిగుల్చుకోవాలి?

పప్పు గంట ముందే నానబెట్టండి. కుక్కర్‌లో అడుగున పప్పు, పైగిన్నెలో అన్నం, వీలైతే మరో గిన్నెలో కూరముక్కలు ఒకేసారి పెట్టండి. విజిల్ వచ్చాక సెగ తగ్గించండి. దీపం-2 పథకం 2024 నవంబరు 1న మన శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే మొదలైంది. అర్హులకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టినచోట తిరిగి ఖాతాలో పడ్డాయో లేదో చూసుకోండి.

వారానికి ఏం వండాలో ఒక లెక్క చెప్పండి.

సోమవారం మామిడికాయ పప్పు. మంగళ, బుధవారాలు ఆనపకాయతో గడిచిపోతాయి: ఒకరోజు మజ్జిగ పులుసు, తొక్కు పచ్చడి, మర్నాడు పెసరపప్పు కూర. గురువారం గుడ్డు పులుసు. శుక్రవారం పెసర పచ్చడి, మజ్జిగ చారు. శనివారం తోటకూర పప్పు, వడియాలు. ఆదివారం నెత్తళ్ళు మామిడికాయ. చేప తినని ఇల్లయితే ఆవపెట్టిన పనసపొట్టు కూర. పొట్టు బజారులో కొట్టి అమ్ముతారు, ఇంట్లో కొట్టుకుంటే ఆదివారమంతా దానికే పోతుంది. పొద్దుట పూట మూడు రోజులు అంబలి, మిగతా రోజులు చద్దన్నమో తోడన్నమో. ఈ పద్ధతిలో నూనె నలుగురికి నెలకి రెండున్నర లీటర్లు దాటదు.

చుట్టాలొస్తే?

మామిడికాయ పులిహోర, గుమ్మడి, ఆనప, మునగ వేసిన దప్పళం, పెరుగు. పదిమందికైనా పెద్ద ఖర్చు కాదు, చిన్నబుచ్చుకునేవాళ్ళూ ఉండరు.

ఎండదెబ్బ తగిలిన మనిషికి అంబలి పట్టొచ్చా?

నీరసంగా ఉండి, స్పృహలో ఉంటే నీడకి తీసుకొచ్చి ఓఆర్ఎస్, మజ్జిగ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకండి. తడిగుడ్డతో ఒళ్ళు చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయండి.

ఫ్రిజ్ లేదు. పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోతోంది.

తోడు రాత్రి పదింటికి, చల్లారిన పాలలో, మామూలు కన్నా సగం పెరుగుతో వేయండి. గిన్నెని నీళ్ళున్న పళ్ళెంలో పెట్టి తడిగుడ్డ కప్పండి. ఒకే గిన్నెలో కాకుండా రెండు చిన్న గిన్నెల్లో తోడేస్తే, ఒకటి తీసినా రెండోది కదలకుండా ఉంటుంది. అయినా పులిస్తే ఆ పూట మజ్జిగ పులుసు పెట్టేయండి, దానికి పుల్ల పెరుగే కావాలి.